గోదారికి కట్ట కట్టిన దొర.. సమాధి మాత్రం ఇంగ్లండులో

హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద 1980లలో ఎన్టీ రామారావు ప్రభుత్వం వరసగా పెట్టించిన విగ్రహాల్లో ఒకటి తెల్లదొరది. కవులు, రాజులు, సంఘ సంస్కర్తల నడుమ ఈ కోటు దొర ఎవరని మేడ్చల్, షామీర్‌పేట దిక్కు నుంచి పని మీద పట్నం పోయే రైతులు చాలామంది అడుగుతుంటారు. ఆయన పేరు సర్ ఆర్థర్ కాటన్. గోదావరి నదికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిన ఇంజనీరు. ఉభయ గోదావరి జిల్లాల్లో ఆయన్ను నేటికీ 'కాటన్ దొర' అనే పిలుస్తారు. అక్కడి ఊళ్లల్లో సెంటర్ల కాడ ఆయన విగ్రహాలుంటాయి. మే 15న ఆయన పుట్టిన రోజు జరుపుతారు.

మన దిక్కు దొర అంటే వేరే అర్థం ఉంది. గడీలో కూచుని వెట్టి చేయించుకున్నవాడు దొర. అక్కడ ఆ మాటలో ఉన్న ప్రేమ ఇక్కడివాళ్ల చెవికి అంత సులువుగా ఎక్కదు. పైగా, ఆయన కట్టిన కాలువలతో మనకు చారెడు నీళ్లు రాలేదు కదా, ఆయన కథతో మనకేం పని అనేది న్యాయమైన ప్రశ్నే. చెరువు కింద రెండెకరాలు, బోరు కింద ఎకరం సాగు చేసుకునే రైతు ఆ ప్రశ్న అడగాల్సిందే. జవాబు కొంత ఆయన చేసిన పనిలో ఉంది, కొంత చెరువుల గురించి ఆయన అన్న మాటల్లో ఉంది.

పద్దెనిమిదేళ్లకు మద్రాసుకు

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. అన్నదమ్ములు పదకొండు మంది. పదిహేనేళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ వారి సైనిక పాఠశాలలో చేరి, 1821లో మద్రాసు వచ్చారు. బర్మా యుద్ధంలో పనిచేశారు. ఆ తర్వాత కావేరి మీద పని అప్పగించారు. ఆయన అసలు చదువు అక్కడే జరిగిందనాలి.

శ్రీరంగం కాడ కావేరి రెండు పాయలవుతుంది. ఒకటి కావేరి, రెండోది కొల్లడం. కొల్లడం పల్లంగా ఉండడంతో నీళ్లన్నీ అటే పోయేవి. కావేరి పాయ ఇసుక మేటలు వేసి, తంజావూరు రైతుల పొలాలు ఎండిపోయే పరిస్థితి వచ్చింది. కాటన్ కొల్లడం మీద ఒక ఆనకట్ట కట్టి నీళ్లను కావేరి వైపు మళ్లించారు. 1836కి అది పూర్తయింది.

ఆ పని చేస్తున్న రోజుల్లోనే ఆయన చోళ రాజుల కాలం నాటి కల్లణైని పరిశీలించారు. సుమారు రెండు వేల ఏళ్ల కిందటిదని చెప్పే కట్ట అది. కింద గట్టి రాయి లేదు, అంతా ఇసుకే. అయినా వందల ఏళ్లుగా వరదలకు నిలబడింది. లోతు అంతు చిక్కని ఇసుక మీద పునాది ఎలా వేయాలో తమకు నేర్పింది ఆ పాత కట్ట కట్టినవాళ్లేనని కాటన్ తర్వాత రాశారు. కంపెనీ ఇంజనీరు, అందులోనూ దేశాన్ని ఏలుతున్న రోజుల్లో, విద్య ఈ దేశపు మేస్త్రీల నుంచి నేర్చుకున్నానని కాగితం మీద రాయడం చిన్న విషయం కాదు.

కరువులో గోదావరి

అప్పటి గోదావరి జిల్లా ఇప్పటి పచ్చని కోనసీమలా ఉండేది కాదు. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. 1839లో కోరంగి తీరాన పెద్ద తుపాను, ఉప్పెన. 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉన్న జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్లు విడిచి వలస పోయారు. విచిత్రమేమంటే వానకాలమంతా నది ఒడ్డు ఒరుసుకుని పారుతూనే ఉంది. పక్కన పొలం మాత్రం ఎండి పోతోంది. నది నీళ్లు నేల కంటే కిందుగా పారడమే కారణం.

కాటన్ ఆరోగ్యం అప్పటికే దెబ్బతింది. ఒకసారి ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మేనియా పోయి కోలుకున్నారు. 1841లో అక్కడే ఎలిజబెత్ లియర్మంత్ అనే ఆమెను పెళ్లాడారు. తిరిగి వచ్చాక గోదావరి సర్వే చేసి 1844, 1845 సంవత్సరాల్లో రెండు నివేదికలు పంపారు. లండన్‌లో కంపెనీ పెద్దలు ఒప్పుకోవడానికి 1846 చివరి దాకా పట్టింది. 1847లో పని మొదలైంది. 1848లో మళ్లీ జబ్బు పడి ఆస్ట్రేలియా వెళ్లాల్సి వస్తే, ఆయన వచ్చేదాకా ఓర్ అనే ఇంజనీరు పని చూశారు. బెజవాడ కాడ కృష్ణా ఆనకట్ట కట్టింది కూడా ఈ ఓర్ గారే. గోదావరి ఆనకట్ట 1852లో పూర్తయింది.

కూలీలను కూడగట్టడం, రాయి, సున్నం అందేలా చూడడం, పనివాళ్ల తగవులు తీర్చడం అంతా చూసుకున్నది వీణెం వీరన్న అనే తెలుగు ఉద్యోగి. ఆయన లేకపోతే పని సాగేది కాదని కాటనే చెప్పుకున్నారు. వీరన్న గారికి ఆ తర్వాత రాయ్‌బహదూర్ బిరుదు వచ్చింది. విగ్రహాల లెక్క తీస్తే మాత్రం దొరకున్నన్ని ఆయనకు లేవు. రాళ్లు మోసిన వేల మంది కూలీల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆనకట్ట అంటే మన కత్వే

ఆనకట్ట అనగానే నాగార్జునసాగర్ లాగా నీళ్లు నిలవ చేసే పెద్ద డ్యాం అనుకుంటారు. కాటన్ కట్టింది అది కాదు. మన దిక్కు వాగుకు అడ్డంగా కట్టే కత్వ ఉంటుందే, దాన్ని నది మీద ఊహించుకోండి. కత్వ నీళ్లను దాచిపెట్టదు, మట్టం పెంచుతుంది. మట్టం పెరిగిన నీళ్లు పక్కన తవ్విన కాలువలోకి వాటంతటవే పోతాయి. మిగులు నీళ్లు కట్ట మీది నుంచి మత్తడి దూకినట్టు దూకి కిందికి పోతాయి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నాలుగు పాయలుగా ఉంటుంది, నడుమ లంకలున్నాయి. అందుకే కట్ట కూడా నాలుగు ముక్కలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నాలుగూ కలిపితే పొడవు దాదాపు 12 వేల అడుగులు. ఇసుకలోకి బావులు దింపి, వాటి మీద గోడలు లేపి, గోడ వెనుక నీళ్లు దూకే చోట పెద్ద బండలను పరిచారు. బావి కట్టించుకున్న రైతుకు ఈ పద్ధతి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఇసుక తవ్వే కొద్దీ కూలుతుంటే ఒర దింపుతూ పోతాం కదా, అదే లెక్క. దూకే నీళ్లు కింద ఇసుకను కోసేయకుండా బండలు కాపాడతాయి. వరదకు బండలు జరిగితే మళ్లీ తెచ్చి పోయాలి. కట్టే రోజుల్లోనే వరదలకు కట్ట దెబ్బతిని మళ్లీ కట్టుకున్నారు. కట్టాక కూడా ఏటా రాయి పోస్తూనే వచ్చారు. ఆ కట్ట అన్నేళ్లు నిలిచింది ఒక్కసారి బాగా కట్టినందుకే కాదు, ఏటా చూసుకున్నందుకు.

ఇసుక పునాదితో ఆటలు పనికిరావని మనకు ఈమధ్యే మళ్లీ తెలిసొచ్చింది. 2019లో మొదలైన కాళేశ్వరం ఎత్తిపోతల్లో మేడిగడ్డ బరాజ్ ఏడో బ్లాకు పిల్లర్లు 2023 అక్టోబరులో కుంగాయి. లెక్కలు, యంత్రాలు, సిమెంటు అన్నీ ఉన్న రోజుల్లో జరిగిన సంగతి ఇది.

కాటన్ కట్టిన పాత ఆనకట్ట స్థానంలో 1970 నుంచి 1982 మధ్య కొత్త బరాజ్ కట్టారు. దానికి ఆయన పేరే పెట్టారు. 175 గేట్లు. దాని కింద ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు.

ఇక్కడ ఎందుకు కుదరలేదు

డెల్టాలో కాటన్‌కు ప్రకృతి సాయం చేసింది. నది తెచ్చిన ఒండ్రు ఒడ్డు పక్కన ఎక్కువ పడుతుంది, దూరం పోయే కొద్దీ తక్కువ పడుతుంది. కాబట్టి అక్కడ నేల నది ఒడ్డు కాడ ఎత్తుగా, లోపలికి పోయే కొద్దీ పల్లంగా ఉంటుంది. మొదట్లో మట్టం కాస్త పెంచి ఒదిలితే చాలు, సముద్రం దాకా నీళ్లు వాటంతటవే నడిచిపోతాయి. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

మేడ్చల్, షామీర్‌పేట నేలలు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉన్నాయి. గోదావరి మనకు ఎంతో దూరాన, ఎంతో కింద పారుతుంది. 2020లో మన పక్కనే మర్కూక్ దగ్గర ప్రారంభించిన కొండపోచమ్మ సాగర్‌కు గోదావరి నీళ్లు రావాలంటే మెట్టు మెట్టుకూ పంపులు పెట్టి ఎత్తిపోయాలి. ఆ కరెంటు ఖర్చు ఎంతో, ఎవరు భరిస్తున్నారో ప్రతి బడ్జెట్‌లో వింటూనే ఉన్నాం. పైనున్న నేలకు మన పెద్దలు కనిపెట్టిన ఉపాయం చెరువే. పడిన వానను పడిన చోటనే ఆపుకోవడం. ఒక చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండేటట్టు గొలుసు కట్టారు. కాబట్టి కాటన్ వంటి మనిషి ఇక్కడికి వచ్చి ఉన్నా గోదారి కాలువ తవ్వేవాడు కాదు, చెరువు కట్టే చూసేవాడు.

ఆయన గోదావరితో తెలంగాణలో ఏమీ తలపెట్టలేదనడం కూడా సరి కాదు. భద్రాచలం పైన దుమ్ముగూడెం కాడ ఉన్న పాత ఆనకట్ట ఆయన పథకంలో భాగమే. నది మీద పడవలు నాగపూర్ దిక్కు దాకా నడపాలని ఆయన ఆలోచన. రాళ్ల గుట్టలు అడ్డమొచ్చే చోట్లలో దుమ్ముగూడెం మొదటిది, ఇచ్చంపల్లి రెండోది. హేగ్ అనే ఇంజనీరు ఆ పని చూశారు. ఖర్చు పెరిగి, రైళ్లు రావడంతో 1871లో పని ఆపేశారు. ఇచ్చంపల్లి పేరు ఆ తర్వాత ఎన్ని ఎన్నికల్లో వినపడిందో పాఠకులకు తెలుసు.

దొర లెక్క తప్పిన చోటు

కాటన్ చేసిందంతా బంగారమే అనుకోకూడదు. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కర్నూలు-కడప కాలువ ఆయన ఆలోచనతోనే మొదలైంది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ 1863 నుంచి 1870 దాకా తవ్వింది. ఖర్చు అనుకున్న దాని కంటే ఎంతో పెరిగింది. కాలువ వచ్చాక కూడా రైతులు నీళ్లు కొనడానికి ముందుకు రాలేదు. అవి ఎక్కువగా నల్లరేగడి భూములు. మంచి వానలు పడ్డ ఏడు ఆ నేలల్లో జొన్న, పత్తి తడి లేకుండానే పండుతాయి. అలాంటప్పుడు పైసలిచ్చి నీళ్లెందుకు పెట్టుకుంటారు? చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనాల్సి వచ్చింది. గోదావరి ఒండ్రు నేల లెక్క రాయలసీమ రేగడికి పనికిరాలేదు. నేల అడగకుండా నీళ్ల పథకం వేస్తే ఏమవుతుందో దీన్ని చూసి చెప్పవచ్చు.

ముసలితనంలో మడి చెక్క

1861లో కాటన్‌కు సర్ బిరుదు ఇచ్చారు. ఆ రోజుల్లోనే ఆయన మన దేశం విడిచి ఇంగ్లండు చేరారు. ఊరికే కూచోలేదు. ఇండియాకు రైళ్ల కంటే ముందు కాలువలు కావాలని ముప్పై ఏళ్లకు పైగా వాదిస్తూనే ఉన్నారు. 1876-78 కరువులో దక్షిణ దేశంలో లక్షల మంది చనిపోయారు. 1878లో పార్లమెంటు కమిటీ ఒకటి ఆయన్ను పిలిపించి, ఇన్ని డబ్బులు కాలువలకు పోస్తే లాభమేమిటని గుచ్చి గుచ్చి అడిగింది. అప్పటికి ఆయన వయసు 75. నర్సుల వృత్తికి పేరు తెచ్చిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆయన పక్షాన నిలిచారు. కమిటీ మాత్రం ఆయన మాట వినలేదు.

ఆయన చివరి రోజులు లండన్‌కు దక్షిణాన ముప్పై, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న డోర్కింగ్ అనే చిన్న పట్టణంలో గడిచాయి. అక్కడ ఆయన చేసిన పని మన పేజీకి సరిగ్గా సరిపోతుంది. ఇంటి పెరట్లో చిన్న చెక్కలో గోధుమ వేసి లోతు దుక్కి మీద పరీక్షలు చేశారు. నేలను బాగా లోతుగా తవ్వి గుల్ల చేస్తే గాలి, వాన నీళ్లు లోపలికి దిగి, వేళ్లు కిందికి పోయి, ఒక్కో దుబ్బుకు పిలకలు ఎక్కువ వస్తాయని ఆయన నమ్మకం. అంతంత నదులను మళ్లించిన మనిషి ముసలితనంలో గోధుమ పిలకలు లెక్కపెట్టుకుంటూ కూచున్నాడంటే, ఆ దృశ్యం నాకైతే ఆనకట్ట కంటే ఎక్కువ నచ్చింది.

అయితే ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు మన నేలకు తెచ్చుకోకూడదు. మేడ్చల్ దిక్కు చల్క నేలల్లో చాలాచోట్ల జానెడు, మూరెడు కిందనే మొరం తగులుతుంది. లోతు దుక్కి అని మొరాన్ని పైకి తీస్తే ఉన్న నాలుగు వేళ్ల మంచి మన్ను చెడిపోతుంది. అలాంటి చోట మన్ను తిరగబడకుండా, గట్టిపడ్డ పొరను చీల్చి వదిలే దుక్కి మేలు. మన్ను లోతుగా ఉన్న చోట మూడేళ్లకోసారి ఎండాకాలంలో లోతుగా దున్ని, వాలుకు అడ్డంగా సాళ్లు తోలితే తొలకరి వాన పారిపోకుండా ఇంకుతుంది. బోరు పోస్తుందా లేదా అనేది సగం ఈ ఇంకుడు మీదనే ఆధారపడి ఉంటుంది.

కాటన్ 1899 జూలై 24న 96 ఏళ్ల వయసులో డోర్కింగ్‌లో కన్నుమూశారు. ఆ ఊరి శ్మశానంలోనే పాతిపెట్టారు. బొల్లారం, తిరుమలగిరి దిక్కు పాత కంటోన్మెంటు శ్మశానాల్లో ఎందరో తెల్ల సిపాయిలు, వాళ్ల పిల్లలు ఈ మట్టిలో కలిశారు. కాటన్ ఇక్కడ అన్నేళ్లు ఉండి, రెండు మూడు సార్లు చావు దాకా పోయి కూడా తన ఊరి మట్టికే చేరారు. ఆయన జీవిత చరిత్ర రాసిన కూతురు లేడీ హోప్ మాత్రం 1922లో ఆస్ట్రేలియాలో చనిపోయి సిడ్నీలో సమాధి అయ్యారు. డోర్కింగ్ వాళ్లలో ఆయన ఎవరో తెలిసినవాళ్లు ఎందరుంటారో గానీ, బ్రిటన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లు వెతుక్కుంటూ పోయి ఆ సమాధి మీద పూలు పెట్టి వస్తుంటారు.

చెరువుల గురించి ఏమన్నారు

మేడ్చల్ రైతుకు కాటన్ మాటల్లో పనికొచ్చేది ఇది. మద్రాసు రాష్ట్రంలో పాత రాజులు కట్టించిన వేల చెరువులు, కాలువలు చూసి ఆయన ఆశ్చర్యపోయారు. వాటిని కంపెనీ బాగు చేయకుండా వదిలేయడం చూసి సిగ్గుపడ్డారు. కొత్తవి కట్టకపోతే పోయిరి, తమ పెద్దలు కట్టినవి కూడా కాపాడలేని ఈ తెల్లవాళ్లకు యుద్ధం చేయడం తప్ప ఏమీ రాదని ఇక్కడి జనం తమను చిన్నచూపు చూస్తారని 1870లలో రాశారు. తన సర్కారును తానే అన్న మాటలివి.

నైజాం ఇలాకాలో కంపెనీ పాలన లేదు, లెక్క వేరు. తరి, ఖుష్కి శిస్తులు, నీరటి మిరాశీ అన్నీ మన పద్ధతిలో నడిచాయి. కానీ ఆ మాట ఇప్పుడు మనకూ తగులుతుంది. షామీర్‌పేట పెద్ద చెరువు కింద తరి పొలాలు ఎన్ని ప్లాట్లయ్యాయో రోడ్డు మీద పోయేవారికే కనబడుతుంది. ఒకప్పుడు పేరుపడ్డ మన ద్రాక్ష తోటలు బోర్లు ఎండి, భూముల ధర పెరిగి చాలావరకు పోయాయి. నీరటి పోయాక తూము ఎత్తేది ఎవరో, దించేది ఎవరో తెలియని ఊళ్లున్నాయి. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది. 2015లో మిషన్ కాకతీయ కింద పూడిక తీశారు. మంచి పనే. కానీ పూడిక తీసిన చెరువుకు నీళ్లు తెచ్చే వాగు కాలువ మీద ఇల్లు లేస్తే ఆ గుంత ఎండుగుంతగానే ఉంటుంది. చెరువు అంటే కట్ట ఒక్కటే కాదు, పైనుంచి వచ్చే ఒర్రె, షికం, తూము, మత్తడి, కింది కాలువ అన్నీ కలిపి చెరువు.

మృగశిర కార్తెకు ముందే ఆయకట్టు రైతులు నలుగురు కలిసి కట్ట మీద ఒకసారి నడవాలి. కట్ట మీద తుమ్మ, సర్కారు కంప మొలిస్తే చిన్నప్పుడే వేళ్లతో పీకాలి. పెద్ద చెట్టయ్యాక కొట్టేస్తే వేరు కుళ్లి, ఆ సందులోంచే ఊట మొదలవుతుంది. కట్ట అడుగున నీళ్లు తేటగా ఊరితే వెంటనే భయం లేదు గానీ, బురదగా వస్తే లోపల మన్ను కోసుకుపోతోందని అర్థం. అదే రోజు నీటిపారుదల శాఖ ఏఈకి చెప్పాలి. చేపల కోసం, ఎక్కువ నీళ్ల కోసం మత్తడి మీద ఇసుక బస్తాలు, బండలు పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. పెద్ద వాన వచ్చిన రాత్రి నీళ్లు కట్ట మీది నుంచి పారితే మన్ను కట్ట గంటల్లో తెగుతుంది. పూడిక మన్ను పొలానికి తోలేముందు గుప్పెడు మట్టి పరీక్షకు పంపండి. ఊరి మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసిన చెరువైతే ఆ మన్ను చేనుకు మేలు కంటే కీడే చేయవచ్చు.

కాటన్ పని కళ్లారా చూడాలనుకునే రైతులు రాజమండ్రి పోతే, అక్కడికి దగ్గర్లోనే ధవళేశ్వరం. బరాజ్ పక్కనే ఆయన పేరిట మ్యూజియం ఉంది. ఆయన కాలపు పనిముట్లు, నమూనాలు, పటాలు పెట్టారు. భద్రాద్రి రాముడి దర్శనానికి పోయేవారు దారి కాస్త పెంచుకుంటే దుమ్ముగూడెం కూడా చూసి రావచ్చు.